వరసలో లేని మనిషి

ఆగస్టు నెలలో, మంచి ఎండ వేళ, టెగ్వెన్ అడివిలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడింది. చేతిలో రేకు డబ్బా ఉంది గాని అందులో పళ్ళు లేవు, దారంతా ఒలికిపోయాయి. కొండవాలు పొదల్లో కాసే నల్లటి చిట్టిపళ్ళ కోసం పొద్దున్నే వెళ్ళింది. డబ్బాలో సగం, నోట్లో సగం వేసుకోవడం ఆమె అలవాటు కాబట్టి పెదవులు ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. మిగతా మొహంలో నెత్తురుచుక్క లేదు.

మొగుడు మైరిగ్ బల్ల ముందు కూర్చుని రొట్టె, చల్లటి మాంసం తింటున్నాడు.

"తోయిలి చూశాను" అంది.

చావు రాకముందే ఆ చావు ఊరేగింపు ఎవరి కంటో పడితే దాన్ని ఆ లోయలో తోయిలి అంటారు. బస్సు వచ్చింది, రేడియో వచ్చింది, తోయిలి మాత్రం ఎక్కడికీ పోలేదు.

మైరిగ్ ముద్ద నమిలి మింగి, "ఎవరి పీనుగో అడిగి రాకపోయావా?" అన్నాడు.

"వేళాకోళం కాదయ్యా! సమాధులకు పోయే ఓక్ చెట్ల దారిలో, వాగు మలుపు దగ్గర. ప్రాబర్ట్ పాదిరి ముందు నడుస్తున్నాడు. కమ్మరి ఇల్టిడ్, మన గెథిన్, పై పొలం అన్నదమ్ములు, అందరూ నల్లకోట్లలో ఉన్నారు. ఆకులు తొక్కుతుంటే చప్పుడన్నది లేదు. ఇంత ఎండలో వాళ్ళ టోపీల మీంచి నీళ్ళు కారుతున్నాయి."

"పెట్టెలో ఎవరు?"

"పెట్టెకి మూత ఉంటుంది కదా! వరసలో ఎవరు లేరో చూసి తెలుసుకోవాలి. ఒక్కో మొహం చూశాను. మళ్ళీ మొదట్నించీ చూశాను." ఆమె అతని మొహం వంక చూసింది. "లోయలో ఉన్న మగాళ్ళందరూ ఉన్నారు. నువ్వు లేవు. ఇంక నిలబడలేక పరుగెత్తుకొచ్చేశాను."

ఆ లోయలో శవం వెంట ఆడవాళ్ళు నడవరు. ఇంట్లో ఉండి, సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చే మగవాళ్ళకు టీ, పందిమాంసం సిద్ధం చేస్తారు. అది ఎవరో పెట్టిన రూలు కాదు, ఎవరూ తీసెయ్యనూ లేదు.

మైరిగ్ పకపకా నవ్వాడు. "నేనక్కడ ఎందుకు లేనో చెప్పనా? ఇక్కడ కూర్చుని తింటున్నాను కాబట్టి."

టెగ్వెన్ నవ్వలేదు. లేచి వెళ్ళి బైబిలు తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది.

"దీని మీద చెయ్యెయ్యి. ఇక ఆ అడివి దారి తొక్కనని చెప్పు. పని మీదైనా సరే, ఎవరి చావుకైనా సరే."

"చావుకి పోకపోతే నలుగురూ ఏమనుకుంటారే?"

"అనుకోనీ. బతికుండి మాట పడు. ఆ దారి నిన్ను అడుగుతోందయ్యా. దాని కంట పడకు."

తిండి ముందు ఏడుస్తున్న పెళ్ళాంతో ఎంతసేపు వాదిస్తాడు? చెయ్యి వేశాడు.

చిక్కల్లా గొర్రెలతో వచ్చింది. చలికాలం గాలికి తట్టుకోలేక అవి కొండ దిగి ఓక్ చెట్ల కిందికి చేరతాయి. రోజూ ఎవరో ఒకరు వెళ్ళి చూసుకోవాలి. ఆ ఎవరో ఒకరు టెగ్వెన్ అయింది. మొదట్లో మైరిగ్‌కి తలకొట్టేసినట్టుండేది. బావమరిది గెథిన్ అయితే సందు దొరికితే వదిలేవాడు కాదు. "ఏం బావా, పెళ్ళాం గౌను చాటున దాక్కున్నావటగా?" అనేవాడు. "మాటిచ్చాను" అనేవాడు మైరిగ్. మంచు పడే రోజుల్లో పొయ్యి దగ్గర కూర్చుని మాట నిలబెట్టుకోవడం అంత కష్టమూ కాలేదు. ఆ సంగతి అతనికి తెలుసు, అందుకే ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఫిబ్రవరిలో ఈనడానికి సిద్ధంగా ఉన్న గొర్రె ఒకటి వాగులోకి జారింది. టెగ్వెన్ దిగి దాన్ని ఒడ్డుకు చేర్చింది. గొర్రె బతికింది. తడిబట్టలతో కొండెక్కి వచ్చిన టెగ్వెన్ ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైంది. ఆఖరి రోజు జ్వరంలో అతని చెయ్యి పట్టుకుని, మొహం వంక తృప్తిగా చూసి, "నిన్ను గండం దాటించాను కదయ్యా" అంది. పోటీలో గెలిచిన పిల్లలా సంతోషపడింది. ఆ సంతోషంలోనే పోయింది.

శవాన్ని ఎత్తే రోజు పొద్దుటి నుంచీ ముసురు. పాదిరి ఇంట్లో ప్రార్థన చేశాడు, నలుగురు పెట్టెను భుజాలకెత్తుకున్నారు. మైరిగ్ గుమ్మంలో ఆగిపోయాడు.

గెథిన్ వెనక్కి వచ్చాడు. "రా బావా. నీ చోటు పెట్టె వెనకాలే."

"నేను రాను. ఆ దారి తొక్కనని దానికి మాటిచ్చాను."

"నీకు మతి పోయిందా? కట్టుకున్నదాన్ని సాగనంపవా?"

గెథిన్ అతన్ని ఎగాదిగా చూసి, నేల మీద ఉమ్మేసి వెళ్ళిపోయాడు. టోపీలన్నీ వానలో కొండ దిగి చెట్లలోకి వెళ్ళాయి.

మైరిగ్ వంటింట్లోకి రాగానే ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపి చూశారు. టెగ్వెన్ పిన్ని, ముసలి లౌరీ, కత్తి చేత పట్టుకుని, "మగాడివి, ఇక్కడేం చేస్తున్నావురా?" అంది.

ఇంతకాలం ఎవరికీ చెప్పనిది అతను చెప్పేశాడు. తోయిలి, పాదిరి, నీళ్ళు కారే టోపీలు, తన ఒట్టు, అంతా చెప్పాడు. లౌరీ విని కత్తి కింద పెట్టింది.

"లోయలో అందర్నీ చూశానందా?"

"అందర్నీ. రెండుసార్లు."

"మగాళ్ళందర్నీ" అంది లౌరీ. "పిచ్చితల్లి. దాన్నని లాభమేముంది, నేనైనా అలాగే చూసేదాన్ని. వరసలో ఎప్పుడూ ఉండనివాళ్ళం, పెట్టెలో మనమే ఉంటామని మనకెందుకు తోస్తుంది?"

మైరిగ్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ రోజు ఆమె చూసింది ఇదే, ఈ వానలో నడుస్తున్న ఈ వరసే. అందులో తను లేనిది చచ్చిపోయి కాదు, ఈ వంటింట్లో నిలబడి ఉండి. కనబడలేదని ఒట్టు, ఒట్టేశాడని కనబడకపోవడం. తను ఆ వరసలో ఒక్కసారి కనబడి ఉంటే ఆమె భయపడేది కాదు, గొర్రెల వెంట వెళ్ళేది కాదు. టోపీ కూడా పెట్టుకోకుండా బయటికి పరుగెత్తాడు.

దారి వదిలి, వాలు మీద అడ్డదారి పట్టాడు. తడిసిన నాచు మీద జారుతూ, పొదలు పట్టుకుంటూ వాగు మలుపు పైనున్న గట్టుకు చేరాడు. కింద పాదిరి మలుపు తిరుగుతున్నాడు. అతని వెనక పెట్టె, పెట్టె వెనక టోపీలు. ఎవరి అడుగూ వినబడటం లేదు. వాన చప్పుడుకేమో.

దారికి అవతల టెగ్వెన్ నిలబడి ఉంది.

వేసవి గౌనులో, పొడి జుట్టుతో, చేతిలో రేకు డబ్బాతో ఉంది. పెదవులు ఊదారంగులో ఉన్నాయి. కళ్ళు ఒక టోపీ మీంచి ఇంకో టోపీ మీదికి పోతున్నాయి. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాయి. అతని కోసం వెతుకుతోంది. తన పెళ్ళాం తన కోసం అంత ఆత్రంగా వెతకడం మైరిగ్ బతుకులో ఎన్నడూ చూడలేదు.

"టెగ్! ఇక్కడున్నానే! వస్తున్నా!"

గట్టు మీంచి దూకాడు. మోకాలు రాయికి కొట్టుకుంది. బురదలో పడి లేచి, వరస చివర్న వచ్చి నిలబడి, చేతులు పైకెత్తి ఊపాడు. మగాళ్ళందరూ వెనక్కి తిరిగారు. వాళ్ళ తలల మీదుగా అతను అవతలికి చూశాడు.

ఆమె అప్పటికే వెనుదిరిగింది. గౌను ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, పళ్ళు ఒలికిపోతున్నా చూసుకోకుండా, ఇంటివైపు కొండెక్కుతోంది. అతన్ని బతికించుకోవడానికి పరుగెడుతోంది.

"ఒక్క నిమిషం ఆగవే!" అని అరిచాడు మైరిగ్. "ఒక్క నిమిషం!"

గెథిన్ వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. మెల్లగా నడిపించుకెళ్ళి పెట్టె వెనకాల, అతని చోట్లో నిలబెట్టాడు.