ఎర్ర పెన్సిల్ గుర్తులు

బీట్‌రూట్ తురుముతూ ఆ పని చేయకూడదని నాకు తెలుసు. కానీ రెండూ పదింటికల్లా అయిపోవాలి. పొయ్యి మీద బోర్ష్ సూపు, బల్ల మీద గ్లేబ్ స్వరాల పుస్తకం. ఆర్కెస్ట్రాలో డెబ్భై మంది వాయించేదంతా ఒకరి వరస కింద ఒకరి వరసగా ఒకే పేజీలో చీమల బారుల్లా ఉంటుంది. ఏ వాద్యం ఎక్కడ అందుకోవాలో అక్కడ ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెడతాను. వయొలిన్లూ వాటి జాతివీ అయితే నీలం. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం ఉండే పెన్సిల్ అది. దాన్ని చెక్కీ చెక్కీ నా బొటనవేలు కాయ కాచింది.

గ్లేబ్ అర్కాద్యెవిచ్ నా మొగుడు. మా సరాతవ్ ఊళ్లో ట్రామ్ నడిపేవాళ్లక్కూడా ఆ పేరు తెలుసు. పియానో ముందు కూర్చుంటే అతన్ని మించినవాడు లేడు, ఉన్నమాట చెప్పాలి. నలభయ్యో ఏట ఆర్కెస్ట్రాని నడిపించాలన్న సరదా పుట్టింది. ఒకపక్క కచేరీలు, ఇంకోపక్క రైలు ప్రయాణాలు. "ఇంత లావు పుస్తకాలు చదివే తీరికెక్కడిది తాస్యా? కొంచెం గుర్తులు పెట్టిపెట్టవూ?" అన్నాడు. ఆ 'కొంచెం'కి పద్దెనిమిదేళ్లు నిండాయి. గుర్తులు పెట్టడం ఒక్కటేనా! సాయంత్రం ఆ డెబ్భై మంది వాయించేదీ నా పది వేళ్లతో పియానో మీద వినిపించాలి. అతను టీ తాగుతూ, కళ్లు మూసుకుని గాల్లో చేతులు ఊపుతాడు. "భావం పెట్టకు, ఊరికే స్వరాలు వాయించు. నా ఊహ పాడవుతుంది" అంటాడు. నేను ఒకచోట ఊపిరి తీసుకున్నంతసేపు ఆగానొకసారి. కచేరీలో ఆర్కెస్ట్రా మొత్తం అక్కడే ఆగింది. పేపర్ల వాళ్లు దాని గురించే రాశారు. "ఆ నిశ్శబ్దం నాకు కలలో వినిపించింది" అని రేడియోలో అతను చెబుతుంటే, నేను అతని కచేరీ చొక్కాకి గంజి పెడుతున్నాను. ఒళ్లు మండిపోయింది. అయినా చొక్కా మటుకు శ్రద్ధగానే ఇస్త్రీ చేశాను.

ఇలాంటి పుస్తకాలు చదివి పియానో మీద వినిపించడం నేర్పడానికి సంగీత కళాశాలలో మనిషి కావాలట. దరఖాస్తుకి ఈ సాయంత్రం ఐదింటివరకే గడువు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఆకలేసినట్టు కావాలి. పోయిన వారం భోజనాల దగ్గర నోరు విప్పాను. గ్లేబ్ నవ్వాడు.

"నువ్వు స్టేజెక్కి ఎన్నేళ్లయిందే? ఇన్నాళ్లూ ఏం చేశావంటే ఏమని రాస్తావ్?"

అత్తగారు కపితోలీనా యెగోరొవ్నా రొట్టెకి వెన్న రాసుకుంటూ, "గృహిణి అని రాయి అమ్మాయ్, అందులో సిగ్గేముంది? వాడికి వేళకింత వేడివేడిగా పెట్టడం తక్కువ పనా?" అంది. దరఖాస్తులో 'గత అనుభవం' అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను.

"అమ్మాయ్, ఏదో మాడుతోంది!" అని అత్తగారు లోపల్నించి కేకేసింది. తురుముపీట చేత్తో పట్టుకునే పొయ్యి దగ్గరికి పరిగెత్తాను. సూపు దించి వచ్చి, ఆఖరి పేజీలకి గుర్తులు పెట్టి, చేతులు కడుక్కుని, పుస్తకం పట్టుకుని కచేరీ హాలుకి బయల్దేరాను.

పదకొండింటికి రిహార్సల్. ఎప్పట్లాగే ప్రేక్షకుల కుర్చీల్లో ఏడో వరసలో కూర్చున్నాను. ఎవరి వాద్యం ఎవరిని ముంచేస్తోందో రాసి ఇవ్వడం కూడా నా పనే. నెమ్మదిగా సాగే రెండో భాగం నడుస్తోంది. గ్లేబ్ పేజీ తిప్పి, ఉన్నట్టుండి ఇత్తడి బూరల వైపు చెయ్యి విసిరాడు. ఒక్కరూ ఊదలేదు.

"నిద్రపోతున్నారా అక్కడ?"

బూరల్లో అందరికన్నా పెద్దాయన ప్రోఖర్ సావిచ్ లేచాడు. "మాకింకా చాలాసేపు ఖాళీయే కదండీ."

"ఖాళీయా? ఇక్కడ ఎర్రగా కనబడుతోందయ్యా!"

ముసలాయన దిగి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. గోటితో గీరాడు. వాసన చూశాడు.

"గ్లేబ్ అర్కాద్యెవిచ్, ఇది బీట్‌రూట్ అండీ."

హాలంతా ఒక్కటే నవ్వు. కింద స్వరాలు ఉన్నాయో లేవో కూడా చూడలేదన్నమాట ఈ మనిషి. ఎర్రగా కనబడితే చాలు, చెయ్యి విసిరేశాడు.

గ్లేబ్ మొహం కందిపోయింది. వెంటనే సర్దుకుని నవ్వేశాడు. "ఏం చెయ్యమంటారు! మా ఆవిడ నా సంగీతాన్ని కూడా కూరల బుట్టలోనే పడేస్తుంది. వంటింట్లో వాళ్ల చేతికిస్తే ఇంతే మరి!"

మళ్లీ నవ్వారు. అలవాటు కొద్దీ నా పెదాలు కూడా సాగాయి. అలా సాగినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. లేచి నిలబడ్డాను.

"ప్రోఖర్ సావిచ్, ఆ పుస్తకంలో ఎర్ర గుర్తులన్నీ నావి. నీలంవీ నావే. అదొక్కటే బీట్‌రూట్‌ది."

ఎవరూ నవ్వలేదు. ముసలాయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "మాకు తెలుసు తైసీయా ల్వోవ్నా. మీరు ఆస్పత్రిలో ఉన్న ఆ రెండు వారాలూ మా పాట్లు దేవుడికెరుక."

"ఇంటి గొడవలు ఇంట్లో!" గ్లేబ్ చేతిలోని సన్నకర్రతో ముందున్న బల్ల మీద కొట్టాడు. "రెండో భాగం, మొదట్నుంచి."

మొదలుపెట్టారు. బూరల చోటు దగ్గరపడుతోంది. గ్లేబ్ పేజీ మీదికి వంగి, ఏ ఎరుపు గుర్తో ఏది మరకో తేలక వెతుక్కుంటున్నాడు, చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బూరల వాళ్లు నలుగురూ అతని భుజం మీదుగా ఏడో వరస వైపు చూశారు. ఒక్కసారి తలూపితే సరిపోయేది.

నేను ఊపలేదు. ఒళ్లో దరఖాస్తు పరుచుకుని, 'పద్దెనిమిదేళ్లుగా ఆర్కెస్ట్రా పుస్తకాలు చదవడం' అని రాస్తున్నాను. సంచిలో కలం దొరకలేదు. పెన్సిల్‌ని ఎర్ర వైపు తిప్పి రాశాను.