నేలకొట్టు తలుపు

మన్మథరావు ఇంటి నేలకొట్టు తలుపు విరగ్గొట్టింది ఒక ఆవు. పాపం, దాన్ని అనాల్సిన పని లేదు. ఆ తలుపు పెట్టిన తీరే అలాంటిది. ఇంటి పక్క సందులో, నేల మీంచి మొదలై గోడకి ఏటవాలుగా ఆనుకుని ఉంటుంది. నిలబడ్డ తలుపూ కాదు, పడుకున్న మూతా కాదు. పైకెత్తితే రాతి మెట్లు, మెట్ల కింద చల్లటి కొట్టు. మన్మథరావు తాతగారు బెల్లం, చింతపండు వ్యాపారం చేసే రోజుల్లో ఎండలకి సరుకు కారిపోకుండా తవ్వించుకున్నది. నర్సీపట్నం మొత్తానికి అలాంటి కొట్టు ఇంకోటి ఉందేమో గానీ, ఆ వీధిలో మాత్రం ఇదొక్కటే.

ఆ వాలు మీద గుడ్డ పరిచి అప్పలలక్ష్మి వడియాలు పెట్టింది. ఆవు వాటి మీద కన్నేసి ముందుకాలు వేసింది. ఏళ్ళ తరబడి వానకి నానిన చెక్క ఫెళ్ళున విరిగి, కాలు లోపలికి దిగబడిపోయింది. వీధి వీధంతా వచ్చి సలహాలు చెప్పింది గానీ చెయ్యి వేసినవాళ్ళు తక్కువ. ఎలాగో కాలు బయటపడింది. ఆవు కుంటకుండానే వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ మిగిలిన వడియాలు కూడా తిని మరీ పోయింది. మన్మథరావు అక్కడికక్కడే తీర్మానం చేసేశాడు. ఇనప తలుపు పెట్టిస్తాడట. పెద్ద తాళం వేయిస్తాడట. వెనక వీధిలో నీళ్ళ మోటారు దొంగలెత్తుకుపోయిన దగ్గర్నుంచి ఆయనకి కొట్లో పెట్టిన జీడిపిక్కల బస్తాల మీద బెంగ పట్టుకుంది.

తలుపు పోయినందుకు అప్పలలక్ష్మి బాధపడింది నిజమే. కానీ ఆవిడ గుండెలో రాయి పడింది మాత్రం తాళం అన్న మాటకి.

ఆ తలుపుకి ఏనాడూ తాళం లేదు. గడియ లేదు, గొళ్ళెం లేదు. దాని బరువే దానికి కాపలా. ఎత్తడానికి మామగారు ఏటికొప్పాక నుంచి తెచ్చి బిగించిన, కొయ్య మీద లక్క రంగు పూసిన లక్క పిడి ఒకటుండేది. అది ఎర్రగా, మధ్యలో పసుప్పచ్చ గీతలతో ఉండేదని ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఎండకీ వానకీ రంగు పోయి, కిందివైపు వేళ్ళు తగలని చోట మాత్రం కాస్త ఎరుపు మిగిలింది.

అప్పలలక్ష్మి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లో ఒక తెల్లవారుజామున వాకిట్లో కళ్ళాపి చల్లుతూ సందులోకి చూసింది. చెవులకి బరువైన దుద్దులు పెట్టుకున్న ఒక ఆడమనిషి, తన ఇంట్లో తలుపెత్తినట్టే ఆ తలుపెత్తి, మూట భుజాన వేసుకుని కిందికి దిగిపోతోంది. దొంగ అనుకుని అప్పలలక్ష్మి కేక పెట్టబోయింది. వెనక నుంచి అత్తగారు అప్పయమ్మ వచ్చి ఆవిడ నోరు మూసింది.

“అరవకు. ఆవిడ సింహాద్రమ్మ. కొండ మీంచి సంతకొచ్చింది.”

తరవాత పొయ్యి దగ్గర కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. సింహాద్రమ్మ వాళ్ళది చింతపల్లి దాటి లోపలెక్కడో ఊరు. సంత రోజున తొలి బస్సుకి దిగుతుంది. తెచ్చిన పసుపు, చింతపండు, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు అన్నీ ఒక్కసారే సంతకి మోసుకుపోతే షావుకార్లు అలిసిపోయిన మొహం చూసి రేటు తగ్గిస్తారు. అందుకని సగం ఈ కొట్లో దించి, అమ్ముడైన కొద్దీ వచ్చి తీసుకెళ్తుంది. ఆవిడకి ముందు వాళ్ళ అత్త అలాగే చేసేదట. సాయంత్రం వెళ్ళేటప్పుడు పై మెట్టు మీద కొండ పసుపు కొమ్ములో, పిప్పళ్ళో, సీతాఫలాలో పెట్టి వెళ్తుంది. అదే మెట్టు మీద ఈ ఇంటివాళ్ళు ఆవిడ కోసం కల్లుప్పు ఆకులో కట్టి పెట్టాలి. ఒకరి చేతికి ఒకరు ఇవ్వడం ఉండదు, పిలవడం ఉండదు. మనం నిలబడి చూస్తే ఆవిడా సిగ్గుపడుతుంది, మనమూ సిగ్గుపడాల్సి వస్తుంది, కాబట్టి ఆ వేళకి సందులోకి వెళ్ళకూడదని అత్తగారి ఆజ్ఞ.

అప్పలలక్ష్మికి మొదట్లో ఇదేం చాదస్తమనిపించింది. తరవాత్తరవాత సంత రోజు వస్తే చాలు, మధ్యాహ్నం నుంచే చెవులు సందువైపు పడేసి కూర్చునేది. తలుపు దించినప్పుడు ధబ్బుమని బరువుగా, మెత్తగా చప్పుడయ్యేది. కాసేపాగి వెళ్ళి చూస్తే ఉప్పు ఉండేది కాదు, పసుపు ఉండేది. పురిటికి ముందు తను లేవలేని నెలల్లో మెట్టు మీద తేనె సీసా కనిపించింది. ఎవరు చెప్పారో తెలియదు. అప్పయమ్మ చనిపోయిన వారం మాత్రం ఇంకేమీ లేదు, గుప్పెడు అడవిపూలే ఉన్నాయి. అవి చూశాకే అప్పలలక్ష్మికి అత్తగారి కోసం ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

ఇన్నేళ్ళలో సింహాద్రమ్మా తనూ మాట్లాడుకున్నది తక్కువ. ఒకసారి మాత్రం జోరున వాన పట్టుకుంది. తడుస్తున్న చింతపండు బుట్ట లోపలికి చేరవేయడానికి సింహాద్రమ్మ అవస్థ పడుతుంటే, అత్తగారి ఆజ్ఞ పక్కన పెట్టి అప్పలలక్ష్మి పరిగెత్తింది. తలుపుని ఒక కర్రతో సగం ఎత్తి నిలబెట్టి, దాని కిందే ఇద్దరూ మెట్ల మీద కూర్చుండిపోయారు. నెత్తిమీద చెక్క మీద వాన దబదబా మోగింది. కొంగులో ఉన్న వేయించిన జీడిపప్పు ఇద్దరూ తిన్నారు. మీ ఇంటి ఉప్పుకి రుచెక్కువని సింహాద్రమ్మ అంది. ఉప్పుకి రుచేమిటి, అన్నీ ఒకటేగా అని అప్పలలక్ష్మి నవ్వింది.

“కాదమ్మా. కొన్న ఉప్పు ఏరు, పెట్టిన ఉప్పు ఏరు,” అంది సింహాద్రమ్మ.

కరోనా ఏడాది సంత ఆగింది, బస్సులాగాయి. మళ్ళీ మొదలయ్యాక షావుకార్ల వ్యాన్లే కొండెక్కి సరుకు దించుకోవడం మొదలెట్టాయి. సింహాద్రమ్మ రాలేదు. ఇవాళ వస్తుంది, వచ్చే సంతకి వస్తుంది అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. అడుగుదామంటే ఫోను నంబరు లేదు. ఊరి పేరు కూడా సరిగ్గా తెలియదు, ఎప్పుడూ అడగలేదు మరి. మెట్టు మీద ఉప్పు పెట్టడం మాత్రం అప్పలలక్ష్మి మానలేదు. వారాల తరబడి చెమ్మకి కల్లుప్పు నీరుకారి మెట్టంతా తెల్లగా పేరుకుంటోందని ప్యాకెట్టు ఉప్పుకి మారింది. సంత రోజు పొద్దున్న కిందికి దింపడం, మర్నాడు పైకి తెచ్చి కూరలో వేసుకోవడం. మనింట్లో ఉప్పుకి కూడా ప్రయాణాలెక్కువని మన్మథరావు వేళాకోళం చేసేవాడు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఆవిడకి కావలసింది ఒక్కటే, ఆ మనిషి ఉందో లేదో తెలియాలి. తెలియడానికి ఉన్న దారి ఆ తలుపొక్కటే. దానికి తాళం పడితే, ఎప్పుడైనా ఆవిడ వచ్చి లాగి చూసి, వీళ్ళు నన్ను వద్దనుకున్నారని వెనక్కి పోతుంది. ఇంక జన్మలో రాదు.

ఈ ముక్క మొగుడికి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, కాస్త తొందరమనిషి.

“ఇంకా వొస్తదేటే ఆవిడ? ఉందో పోయిందో. మనిషిని బట్టి తలుపా, సరుకుని బట్టి తలుపా?” అన్నాడు.

ఆ మాట విన్నాక అప్పలలక్ష్మి రెండు పూటలు చారులో ఉప్పు వేయడం మర్చిపోయింది. మర్చిపోయిందో మానేసిందో ఆయన అడగలేదు.

తలుపు పని లోవరాజుకి అప్పగించారు. లోవరాజు గేట్లు, షట్టర్లు చేసే వెల్డరు. పని గట్టిది, మాట పలచన. రేపంటే ఎల్లుండి, ఎల్లుండంటే దేవుడికే తెలియాలి. కొలతలకి తను రాకుండా ఎవరినో పంపాడు. మన్మథరావు ఫోన్లో గట్టి గడియ పెట్టమని మరీ మరీ చెప్పాడు. చివరికి ఒక ఉదయం ఆటో ట్రాలీ మీద నీలం రంగేసిన ఇనప తలుపు దిగింది.

పాత తలుపు ఊడదీస్తుంటే అప్పలలక్ష్మి అక్కడే నిలబడింది. పిల్లలు జారి జారి మధ్యలో నున్నగా పడిన దారి, తను ఏటేటా అప్పడాలు ఆరబెట్టిన చోటు, అన్నీ మేకులతో సహా లేచి వచ్చాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ లక్క పిడి ఊడదీసి కొత్త తలుపుకి బిగించమంది. ఇనప తలుపుకి కొయ్య పిడేమిటని లోవరాజు నవ్వాడు. మన్మథరావూ నవ్వబోయాడు గానీ, చారు గుర్తొచ్చి కాబోలు, బిగించేయమన్నాడు. లోవరాజు రెండు బోల్టులు వేసి బిగించాడు. నీలం తలుపు మీద రంగు వెలిసిన ఆ పిడి వింతగానే ఉంది. అప్పలలక్ష్మి పై మెట్టుకి గడపకి రాసినట్టు పసుపు రాసి బొట్లు పెట్టి, మామిడాకులు కట్టింది.

అంతా అయ్యాక మన్మథరావు కొత్త తాళం తెచ్చాడు. తలుపు చుట్టూ తిరిగాడు. తాళం వేసేందుకు చోటు కనబడలేదు. తలుపెత్తి చూస్తే గడియ లోపలుంది. బొటనవేలంత లావున, నిగనిగలాడుతూ, లోపలివైపు.

“ఇదేట్రా లోవరాజూ?”

“ఈధి తలుపుకి గడియ లోపలే కదండీ పెడతాం,” అన్నాడు లోవరాజు. ఇన్నేళ్ళుగా ఊళ్ళో అన్ని ఇళ్ళకీ అతను అలాగే పెడుతున్నాడు.

లోపల్నుంచి గడియ వేయడానికి కొట్లో ఎవరు కాపురముంటారు, ఎలకలా అని మన్మథరావు మండిపడ్డాడు. బయటికి గొళ్ళెం ఒకటి అతికించేసి పొమ్మన్నాడు. లోవరాజు మిషను షెడ్డులో ఉందన్నాడు, రేపు బేగి వచ్చేస్తానన్నాడు. అతని రేపు ఎలాంటిదో అప్పలలక్ష్మికి తెలుసు. ఆవిడ మొహం తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

గొళ్ళెం రాలేదు. సంత రోజు వచ్చింది. అప్పలలక్ష్మి చీకటితోనే ఉప్పు ప్యాకెట్టు మెట్టు మీద పెట్టి వచ్చింది. ఈ లోవరాజు వచ్చేలోపు ఇదే ఆఖరి ఉప్పు కావచ్చని మనసులో అనుకుంది. పొద్దెక్కాక జీడిపిక్కలకి గోనె కోసమని దిగబోయి ఆగిపోయింది. లోపల గోడవార అడ్డాకుల కట్టలున్నాయి. పక్కన పసుపు మూట. మూతికి అడ్డతీగ నారతో వేసిన ముడి సింహాద్రమ్మ వేసే ముడేనని ఆవిడకి చూడగానే తెలిసింది.

అక్కడే మెట్టు మీద కూర్చుంది. అంతలోనే ఉప్పు మీదకి కన్ను పోయింది. ప్యాకెట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. సింహాద్రమ్మ వెళ్ళేటప్పుడు కదా తీసుకుంటుంది అని సర్దిచెప్పుకుంది. కానీ మధ్యాహ్నం చూస్తే కట్టలు సగం తగ్గాయి, సాయంత్రానికి అన్నీ పోయాయి. మెట్టు మీద పసుపు కొమ్ములున్నాయి. ఉప్పూ ఉంది. ఎన్ని మూటలు మోసినా ఉప్పు మర్చిపోయే మనిషి కాదు సింహాద్రమ్మ. అంటే వచ్చింది సింహాద్రమ్మ కాదని అప్పలలక్ష్మికి తోచింది. అత్తగారి ఆజ్ఞ, సిగ్గు, అన్నీ వదిలేసి వీధిలోకి పరుగుతీసింది.

సందు చివర ఖాళీ బుట్టతో ఒక పడుచు బస్టాండు వైపు తిరుగుతోంది. అప్పలలక్ష్మి పిలిచింది. ఆ పిల్ల వెనక్కి చూసి, తప్పేదో చేసినట్టు బుట్ట వెనక్కి దాచుకుంది. పేరు సాయిప్రియ అని, సింహాద్రమ్మ కోడలినని చెప్పింది. అప్పలలక్ష్మి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అడిగింది.

“మీ అత్త... ఉందా?”

“ఉందమ్మా. మోకాళ్ళు పట్టేసినాయి. బస్సెక్కనేదు. ఇన్నాళ్ళూ నాకు పిల్లోడు సంకలో ఉన్నాడు, ఈ ఏడే ఒదిలొచ్చినాను. తాళం ఉండని తలుపని అత్త సెప్పింది. ఇనపది సూసి బయమేసి ఎల్లిపోబోయినాను. అత్త సెప్పిన లక్క పిడి కనబడింది. లాగినాను. ఒచ్చింది.”

అప్పలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటి ముందు ఎట్టకేలకి మిషనుతో దిగిన లోవరాజూ, గొళ్ళెం పట్టుకుని నిలబడ్డ మన్మథరావూ ఇటే చూస్తున్నారు. మరి ఉప్పెందుకు తీసుకోలేదని ఆవిడ అడిగింది.

“ఆకులో కల్లుప్పు కట్టి ఉంటదని సెప్పింది అత్త. అక్కడ ప్యాకెట్టుంది. మీ కూరలోకి ఉంచుకున్న ఉప్పేమోనని ముట్టనేదు.”

అంతా విన్న మన్మథరావు చేతిలో గొళ్ళెం లోవరాజు సంచిలో పడేశాడు.

“ఒద్దురా. అతికించకు. వొచ్చినోడివి వొచ్చినట్టు ఆ లోపలి గడియ కూడా కోసీ,” అన్నాడు. చెప్పులు వేసుకుని కిరాణా కొట్టుకి ఆయనే వెళ్ళాడు.

కల్లుప్పు వచ్చింది. ఆకు కోసం వెతికితే లేదు. సాయిప్రియే బుట్ట అడుగున మిగిలిన అడ్డాకు తీసి ఇచ్చింది. అప్పలలక్ష్మి మూట కట్టింది. సాయిప్రియ చెయ్యి చాచింది. అప్పలలక్ష్మి ఆ చేతిలో పెట్టలేదు. సందులోకి వెళ్ళి, నీలం తలుపెత్తి, పసుపు రాసిన మెట్టు మీద పెట్టి వచ్చింది. మొగుణ్ణీ లోవరాజునీ రెక్క పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చి, వీధివైపు మొహం పెట్టి నిలబెట్టింది. తనూ నిలబడింది.

వెనక సందులో తలుపు లేచింది, దిగింది. ధబ్బుమనలేదు, ఠంగుమంది. ఆ చప్పుడు ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, వెళ్ళి చూసింది. మెట్టు మీద ఉప్పు లేదు.