ఎరిక్ అన్న కారు బ్రేకులు

ఒక కారు మనిషిని ఎంత వెర్రివాణ్ణి చేయగలదో చూడాలంటే పద్మారావు నగర్‌లో మా ఇంటికి వచ్చి నన్ను చూస్తే చాలు. సాయంత్రం బ్రేకులు బాగుచేస్తాను. భేషుగ్గా పడతాయి. వీధి చివరిదాకా వెళ్లి, వచ్చి, తృప్తిగా పడుకుంటాను. మర్నాడు పొద్దున తీస్తే పెడల్ తొక్కినా కారు నా మాట వినదు. తనకు తోచినప్పుడు ఆగుతుంది. మళ్లీ విప్పుతాను, మళ్లీ బిగిస్తాను, మళ్లీ అదే కథ.

నేను మెకానిక్‌ని కాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. కారు నాది కూడా కాదు, మా అన్న ఎరిక్‌ది. ఎర్రటిది, ఇద్దరే పట్టేది, పైకప్పు వెనక్కి మడిచేసేది. ఎవరో వాడి వదిలేసిన దాన్ని అన్న ముచ్చటపడి కొన్నాడు. దాన్ని కొత్తదానిలా చేస్తానని ఇంట్లో అందరినీ ఊరించాడు. ఆ పని సగంలో ఉండగానే ఒక వానాకాలం సాయంత్రం కాప్రా నుంచి మోటార్‌సైకిల్ మీద వస్తూ జారిపడి చనిపోయాడు. కారు మా పోర్టికోలో మిగిలింది. మొదట్లో దాని మీద కప్పిన గుడ్డ తీయడానికి కూడా నాకు చేతులు రాలేదు. తీశాక వదలబుద్ధి కాలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, చొక్కా మార్చుకుని దాని కిందకి దూరడం అలవాటైపోయింది. అన్న వదిలిపోయినవాటిలో ఇంకా చప్పుడు చేసేది అదొక్కటే.

బాగుచేయడంతో ఊరుకున్నానా? లేదు. మెరుగులు కూడా దిద్దాను. సీట్లకు కొత్త తోలు కుట్టించాను. లైట్లు మార్చాను. ఈ వేసవిలో పాత ఇనుప చక్రాలూ వాటి మీది మూతలూ పీకేసి, కమ్మీల మధ్య పెద్ద పెద్ద సందులున్న అల్లాయ్ చక్రాలు వేయించాను. ముందు చక్రాల లోపల బ్రేకు డిస్కులు పళ్లేల్లా తళతళలాడుతూ బయటికి కనిపించేవి. అన్న చూస్తే ఈల వేసేవాడు. నా ఖర్మ, సరిగ్గా అప్పటి నుంచే బ్రేకులు మొరాయించడం మొదలైంది.

ఇదంతా ఒక ఎత్తు, రిజిస్ట్రేషన్ ఒక ఎత్తు. కారు వయసైపోయింది. గడువు పొడిగించాలంటే సోమవారం ఇన్‌స్పెక్టర్ ముందు నడిపి చూపించాలి. బ్రేకు పట్టకపోతే కాగితం రాదు. కాగితం రాకపోతే కారు రోడ్డెక్కదు. మా ఆవిడ బ్యూలా అప్పుడే బన్సీలాల్‌పేట్‌లో పాత ఇనుము కొనేవాడితో మాట్లాడి పెట్టింది.

"ఏందీ రోనీ, ఇంట్ల నడవనీకి జాగ లేదు. మండే ఫెయిలైతే నేనే ఫోన్ చేస్తా, చెప్తున్న," అంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అన్న కారును ముక్కలుగా కోసి ఆటో ట్రాలీలో వేసుకుని పోవడం తలచుకుంటేనే పళ్లెం వదిలి మళ్లీ కారు కిందకి దూరేవాణ్ణి.

విప్పినప్పుడల్లా ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు జిడ్డుగా కనిపించేవి. డిస్కును రెండు వైపుల నుంచీ పట్టి ఆపేవి అవే, వాటికి చుక్క జిడ్డు తగిలినా పట్టు జారిపోతుంది. ఆ జిడ్డు ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే నా బుర్రకు అందని విషయం. రాణీగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణం నడిపే హరికిషన్ మా పక్కింటివాడే. అడిగాను.

"బ్రేక్ ఆయిల్ లీకున్నది భాయ్. రబ్బర్లు మార్చు," అన్నాడు.

మార్చాను. మర్నాడు జిడ్డు.

"అయితే పైపు పోయింటది."

పైపు మార్చాను. మర్నాడు జిడ్డు.

"బేరింగ్‌ల గ్రీజు కరుగుతున్నదేమో. ఎండలు జెర ఎక్కువనే ఉన్నయ్ గదా."

గ్రీజు కూడా తుడిచి కొత్తది పెట్టాను. మర్నాడు మళ్లీ జిడ్డే. ప్యాడ్ పట్టుకెళ్లి అతని ముక్కు దగ్గర పెట్టి, ఇది బ్రేకు ఆయిల్ వాసనా, గ్రీజు వాసనా, నువ్వే చెప్పు అన్నాను. హరికిషన్ వాసన చూసి, కళ్లు మూసుకుని ఆలోచించి, "పాత బండి గదా, వాసన సుత మారుతది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా ఇంకో రెండు జతల ప్యాడ్లు అతని దగ్గరే కొన్నాను, వేరే దిక్కు లేక.

ఫోన్‌లో వీడియోలు చూశాను. ఒకడు ఎడమ పక్క చూడమన్నాడు, ఇంకొకడు కుడి పక్క చూడమన్నాడు, మూడోవాడు కారు అమ్మేయమన్నాడు. ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని డిస్కుల బొమ్మలు గీసుకుంటూ కూర్చునేవాణ్ణి. సాయంత్రం లేని జిడ్డు పొద్దునకి ఎలా వస్తుంది? నిలబడి ఉన్న కారులో ఏది కారుతుంది? కారితే కింద నేల మీద చుక్క ఎందుకు లేదు? నాకు పిచ్చెక్కుతోందా అని కూడా అనుమానం వచ్చింది. ఒక్కోసారి అన్నే నా మీద కోపంగా ఉన్నాడేమో, చక్రాలు మార్చడం ఇష్టం లేదేమో అని కూడా అనిపించేది. చదువుకున్నవాణ్ణి, ఇలాంటివి నమ్మను. అయినా అనిపించేది.

అమ్మ మాత్రం నిశ్చింతగా ఉండేది. అమ్మ పేరు దేవకృప. బాపట్ల నుంచి కోడలిగా సికింద్రాబాద్ వచ్చింది, ఇక్కడే బళ్లో పంతులమ్మగా చేసి రిటైరైంది. "కంగారు పడకురా. నేను ప్రార్థన చేస్తున్నానుగా," అనేది. చేస్తుంది, అది నిజమే. రోజూ తెల్లవారకముందే లేచి ఇంటి చుట్టూ తిరుగుతూ ప్రార్థన చేసుకుంటుందని వీధి అంతటికీ తెలుసు. నేను ఆ వేళకు లేచిన పాపాన పోలేదు.

సోమవారం లేచాను. ఆదివారం సాయంత్రం కొత్త ప్యాడ్లు వేసి పడుకున్నానేగానీ కంటి మీద కునుకు లేదు. ఇంకా వెలుతురు సరిగా రాలేదు. కారును ఒకసారి చూసుకుందామని ముందు తలుపు తీశాను.

అమ్మ నా కారు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఎడమ చేతిలో చిన్న సీసా. చర్చిలో రోగుల నుదుట రాసే ఆలివ్ నూనె. మావాళ్లలో ఎవరైనా కొత్త బండి కొంటే పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, స్టీరింగ్ మీద ఆ నూనె కాస్త రాసి వెళ్తారు. అమ్మ భక్తి ఇంకొంచెం ముందుకెళ్లింది. నూనెలో వేలు ముంచి, నేను ముచ్చటపడి వేయించిన ఆ చక్రం కమ్మీల సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి, తళతళలాడే డిస్కు మీద నిండుగా సిలువ గీసింది. తర్వాత రెండో చక్రం దగ్గరికి జరిగింది.

నా నోట్లోంచి కేక బయటికి రాబోయింది. కానీ అమ్మ కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. మా ఇంట్లో ప్రార్థన మధ్యలో మాట్లాడటమన్నది లేదు. చిన్నప్పుడు పాలు పొంగిపోతున్నా, ఇంటికి వచ్చిన చుట్టం గుమ్మంలో నిలబడిపోయినా, ఆమేన్ అన్నాకే ఎవరైనా కదిలేది. నాకు ఇప్పుడు బట్టతల వచ్చింది, అయినా ఆ భయం పోలేదు. పళ్లు కొరుక్కుంటూ, తల వంచుకుని, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. నా కళ్ల ముందే అమ్మ వెనక చక్రాలకు కూడా రాసి, ఆమేన్ అని, వంటింటి తలుపు గుండా లోపలికి వెళ్లిపోయింది. నేను కూడా నోట్లోనే ఆమేన్ అన్నాను, అలవాటుకొద్దీ.

పాత చక్రాలకు మూతలుండేవి. నూనె మూత మీదే ఆగిపోయేది. ఆ మూతలు పీకేసింది నేనే. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పుడు అమ్మతో మాట్లాడే తీరిక లేదు, ఏమని మాట్లాడాలో కూడా తోచలేదు. వెనక చక్రాల బ్రేకులు డబ్బాల్లో మూసి ఉంటాయి, వాటికి నూనె అందదు. జాకీ పెట్టి ముందు చక్రాలు ఊడదీసి, డిస్కులు పెట్రోలుతో కడిగి తుడిచి, మిగిలిన కొత్త ప్యాడ్లు వేసి, స్నానం కూడా చేయకుండా బయల్దేరాను.

ఇన్‌స్పెక్టర్ నా పక్కన కూర్చుని, వేగంగా పోనిచ్చి ఒక్కసారిగా తొక్కమన్నాడు. తొక్కాను. ఇద్దరం అద్దానికి గుద్దుకోబోయాం. ఆయన టోపీ సర్దుకుని, "బ్రేకులు మంచిగున్నయ్," అన్నాడు. అంత మంచి మాట ఈ మధ్య నాతో ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చి చెప్పగానే బ్యూలా, "పోనీ తియ్, పాసయ్యింది," అంది. గొంతులో కోపం తెచ్చిపెట్టుకున్నదని తెలుస్తూనే ఉంది. అమ్మ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తింది.

"దేవునికి స్తోత్రం! నేను చెప్పానా? పొద్దున్నే నాలుగు చక్రాలకీ నూనె రాశాను. ఇక రోజూ మానకుండా రాస్తాను."

అక్కడే ఊరుకుని ఉండాల్సింది. కానీ ఇన్ని వారాల మంట ఒక్కసారిగా ఎగదన్నింది.

"నువ్వు రాయబట్టేనమ్మా బ్రేకులు పోయింది! నూనె ఉంటే చక్రం ఆగదు, జారుతుంది. ఇన్నాళ్లూ నేను చచ్చి బతికింది నీ సీసా వల్ల. పొద్దున నేను కడిగేయకపోతే ఆ ఇన్‌స్పెక్టర్ని కూడా గోడకి గుద్దేవాణ్ణి!"

అమ్మ చేతులు మెల్లగా కిందికి దిగాయి. బ్యూలా నా వైపు చూసిన చూపుకు నేను అక్కడే భస్మం కావాలి. అమ్మ కుర్చీలో కూర్చుంది. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

"నూనె ఉంటే జారుతుందా?" అంది.

"జారుతుంది."

"అయితే ఎరిక్..."

ఇంత సూటిగా అక్కడికి వెళ్తుందని నేను అనుకోలేదు. అన్న మోటార్‌సైకిల్‌కి కూడా అమ్మ నూనె రాసేది. ఎక్కడ రాసేదో, ఎంత రాసేదో ఎప్పుడూ గమనించలేదు. అన్న బండికి ముందు డిస్కు బ్రేకే. ఇప్పుడు నేను ఏం మాట్లాడినా ముల్లే.

"వాడి బండికి లైటు మీద రాసేదాన్ని," అంది అమ్మ. "రోజూ రాసేదాన్ని. ఆ రోజు వాడు హడావుడిగా ఉన్నాడు. ఆగరా, సీసా తెస్తానన్నాను. వచ్చాక రాద్దువుగానిలే అమ్మా అన్నాడు. నేనూ సరే అన్నాను. లేచి వెళ్లి తేవచ్చు. తేలేదు. పొయ్యి మీద కూర ఉంది."

అమ్మ కళ్లద్దాల కాడలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"టైరు జారింది అన్నారు పోలీసులు. అందుకనే నీ కారుకి చక్రాలకే రాస్తున్నాను. నిన్ను కూడా అలా పంపిస్తానేమోనని భయం."

ఇన్నేళ్లలో అమ్మ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అన్న గురించి అడిగితే, ప్రభువు దగ్గర ఉన్నాడు అని నవ్వేది. ఆ నవ్వు చూసి, అమ్మ ఎంత గట్టిదో అని మేమంతా మెచ్చుకునేవాళ్లం. నేను కారు కింద పడుకుని పానాలతో కుస్తీ పడుతుంటే, పైన ఆవిడ మనసులో ఇది నడుస్తోంది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను.

"లైటు మీద నూనె ఉన్నా లేకపోయినా టైరు జారేదేనమ్మా," అన్నాను. "రోడ్డంతా నీళ్లు. నువ్వు రాసినా ఆగేది కాదు."

"మరి ప్రార్థనో?"

"అది నాకు తెలీదు. నూనె సంగతి తెలుసు. నూనె రాయకపోవడం వల్ల అన్న పోలేదు," అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. కళ్లద్దాలు లేకుండా నేను సరిగా కనిపిస్తున్నానో లేదో.

"నా వల్ల కాదా?"

"కాదమ్మా."

"కూర వల్ల కాదా?"

"కాదు."

అమ్మ ఏడ్చింది. అన్న సమాధి దగ్గర కూడా అలా ఏడవలేదు. బ్యూలా వచ్చి వెనక నుంచి భుజాలు పట్టుకుంది. కాసేపటికి అమ్మ తేరుకుని, నా చెయ్యి వదలకుండానే, బళ్లో పిల్లవాణ్ణి పాఠం అప్పగించమన్నట్టు అడిగింది.

"ఇంకోసారి చెప్పరా."

చెప్పాను.