గొళ్ళెమక్క గంట

గుడ్లు ఉడికాయని గంట మోగింది. గొళ్ళెమక్క తడిచేతిని తువ్వాలుకి తుడుచుకుని స్టవ్ ఆపింది. అల్లరి పిల్ల నోరు మూసినట్టు గంటను అరచేత్తో నొక్కి పట్టుకుంది. అది ఊరుకున్నాక తీసి భుజానికి తగిలించుకునే సంచిలో వేసుకుంది.

"అదిగో, మళ్ళీ మోసుకుపోతోంది," అంది మంచం మీంచి అత్తగారు. "ఏమే, ఆ ఆఫీసు వాళ్ళకి గడియారం కొనే గతి లేదా? మధ్యాహ్నం నా వంట మాడితే ఎవర్నడగాలి?"

"మీ ముక్కునడగండి అత్తయ్యా. ఈ వీధిలో దానికి తెలీకుండా ఏం జరిగింది గనక?"

"నా ముక్కు జోలికి రాకు. నీ కాళ్ళు చూసుకో ముందు, గుమ్మడికాయల్లా ఉబ్బాయి. ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ గుండె చూపించుకోని మనిషిని నిన్నే చూశాను."

"వరసలో ఉన్నాను. వచ్చే నెలకి తారీఖు దొరికింది."

"ఆ వరస నీ చేతిలోదేగా! నాలుగడుగులు ముందుకి జరుపుకోరాదూ?"

"నేను జరిగితే వెనక్కి పోయేదెవరో మీకు తెలుసా? నాకూ తెలీదు. అందుకే జరగను."

అత్తగారు మూతి ముడిచింది. కొడుకు పోయాక ఆ రెండు గదుల్లో మిగిలింది ఈ ఇద్దరే. పోట్లాడుకోని రోజు లేదు. కాకపోతే పోట్లాటకి ఒక పద్ధతి పెట్టుకున్నారు. మాట ముదిరితే ఎవరో ఒకరు వెళ్ళి ఆ వంటింటి గంట తిప్పుతారు. అది మోగేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. మోగాక కూడా కోపం ఉంటే మళ్ళీ మొదలెట్టొచ్చు. ఇన్నేళ్ళలో మోగాక మళ్ళీ మొదలైన పోట్లాటలు లేవనే చెప్పాలి. టీ ఎవరు పెట్టాలన్న దగ్గర మాత్రం చిన్న కీచులాట ఉండేది.

ఆ గంట టమాటా పండంత ఉంటుంది. ఒకప్పుడు ఎర్రటిది. మెడ పట్టి తిప్పితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. వదిలేస్తే కిరకిరమంటూ నెమ్మదిగా వెనక్కి తిరుగుతుంది. తిరగడం పూర్తయితే ఒళ్ళు మరిచి మోగుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

ఆసుపత్రిలో ఆమె పని చెబితే చాలామంది మొహం చిట్లించేవాళ్ళు. డాక్టరు కాదు, నర్సు కాదు, ఫైళ్ళు మోసే మనిషి కూడా కాదు. రెండో అంతస్తులో కిటికీ లేని గదిలో, తెర ముందు కుర్చీ. పెద్దాసుపత్రిలో డాక్టరుకి చూపించుకోవాలంటే ముందు వెబ్‌సైట్లో చీటీ తీసుకోవాలి. ఆ వెబ్‌సైట్ గుమ్మం దగ్గర కాపలా ఈమెది. ఆ కాపలాని ఫైర్‌వాల్ అంటారు. లోపలికొచ్చే ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ తన వెంట ఒక అంకెల చిరునామా తెచ్చుకుంటుంది, దాన్ని ఐపీ అడ్రసు అంటారు. ఫలానా అంకె వస్తే రానివ్వు, ఫలానా అంకె వస్తే తోసెయ్యి అని వరసగా నియమాలు రాసిపెట్టాలి. యంత్రం పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. ఏ నియమం ముందు తగిలితే అదే చెల్లుతుంది. యంత్రానికి జాలీ లేదు, అనుమానమూ లేదు. ఆ రెండూ కుర్చీలో మనిషికే ఉండాలి. ఆ సంగతి చాలామందికి పట్టదు. ఈమెకి పట్టింది.

ఈ పని ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. అదే ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. ఫోన్ల బల్ల తీసేసి కంప్యూటర్లు తెచ్చినప్పుడు, ఇంటికి పంపించేస్తారేమోనన్న భయంతో రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకుంది. కొత్తలో ఒకసారి ఏదో దొంగ అంకెని ఆపబోయి, తొందరలో తమ ఆఫీసు అంకెనే మూసేసింది. తాళం బయటే వేసి తాళంచెవి లోపల వదిలేసినట్టయింది. తెర మీద ఏం నొక్కినా జవాబు లేదు. యంత్రాలుండే గదికి మెట్లు దిగి పరుగెత్తి, అక్కడ కూర్చుని సరిచేసేసరికి ఆసుపత్రంతా అల్లకల్లోలం. గొళ్ళెమక్క అన్న పేరు ఆ రోజు పెట్టిందే. ఎగతాళికి పెట్టారు. ఆమె నవ్వి ఊరుకుంది, పేరు ఉండిపోయింది.

మర్నాడే ఇంట్లో గంట సంచిలోకెక్కింది. అప్పట్నుంచి ఏ అంకెని మూసినా, మూసే నియమంతో పాటే అది గంటసేపటి తర్వాత దానంతటదే ఊడిపోయేలా ఇంకో మాట రాసేది. పక్కన టమాటా తిప్పేది. మోగాక మళ్ళీ చూసుకునేది. ఇంకా మూసే ఉంచాలనిపిస్తే 'ఉంచు' అని కొట్టేది. అనిపించకపోతే చేతులు కట్టుకుని కూర్చునేది, తలుపు దానంతటదే తెరుచుకునేది. మూయడానికి రెండుసార్లు మనసు రావాలి, తెరవడానికి ఒక్కసారీ అక్కర్లేదు. ఇదీ ఆమె పద్ధతి. పుస్తకాలు రాసేవాళ్ళకీ, ఉపన్యాసాలిచ్చేవాళ్ళకీ ఇంతకన్నా మంచి పద్ధతి తోచినట్టు లేదు.

ఆ రోజు పొద్దున్న చీటీలు తెరవగానే గుమ్మం కిటకిటలాడింది. ఒక్కటే అంకె. అదే అంకె నుంచి మీద మీద పడి అడుగుతున్నారు, అంతా ఊపిరితిత్తుల విభాగానికే.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. దళారులు యంత్రాలు పెట్టి చీటీలన్నీ ఊడ్చేసి బయట అమ్ముకుంటున్నారని కిందటి వారమే పేపర్లో రాశారు. పైవాళ్ళు ఆయన్ని నిలబెట్టి కడిగేశారు.

"నిన్న కూడా ఇదే నంబరు మేడమ్! సగం చీటీలు వీళ్ళే ఎగరేసుకుపోయారు. మూసెయ్యండి. శాశ్వతంగా."

"మూస్తాను సార్. శాశ్వతం సంగతి తర్వాత చూద్దాం." ఆమె మూసింది, టమాటా తిప్పింది.

పక్క కుర్చీలో వెబ్‌సైట్ బొమ్మలు దిద్దే కుర్రాయన ఉన్నాడు. చెవులకి ఎప్పుడూ హెడ్‌ఫోన్లే. ఒక చెవి బయటికి లాగి అన్నాడు. "అక్కా, దొంగలకి కూడా టైమింగులేనా?"

"దొంగ అయితే గంట తర్వాత కూడా దొంగే. ఎక్కడికి పోతాడు?"

మూయకముందు వచ్చిన చీటీలు చూస్తుంటే ఆమెకి ఒక చోట అనుమానం తగిలింది. యంత్రం అడిగితే ఒకే లయలో అడుగుతుంది, తప్పు చెయ్యదు. వీళ్ళు తప్పులు చేశారు. పుట్టిన తేదీ దగ్గర ఇవాళ్టి తేదీ వేశారు. వెనక్కెళ్ళి మళ్ళీ దిద్దుకున్నారు. వేళ్ళున్న మనుషులు చేసే పని అది. టెలిఫోన్ రోజులనాటి స్నేహితురాలు ఒకావిడ ఇంటర్నెట్ కంపెనీలో ఉంటే ఫోన్ చేసింది. ఆ లైను నూలు మిల్లు ఆడవాళ్ళ హాస్టలుదని తెలిసింది. గంట మోగినప్పుడు చీటీల వేళ ఇంకా దాటలేదు, అనుమానం ఇంకా తేలలేదు. మనసొప్పకుండానే ఇంకో గంటసేపటికి మాత్రం 'ఉంచు' కొట్టింది. భోజనం వేళకి డబ్బా తెరవకుండా సంచి తగిలించుకుని బస్సెక్కింది. శాశ్వతంగా మూసే ముందు ఆ గుమ్మం ఎవరిదో కళ్ళారా చూడాలనుకుంది.

మిల్లు గోడని ఆనుకుని హాస్టలు. రెండు అంతస్తులు, ఆరేసిన బట్టలతో నిండిన వరండా. మెట్ల మీద, కిటికీ ఊచల మీద, గుమ్మం పక్క చెప్పుల మీద కూడా తెల్లటి దూదిపొర. లోపల్నుంచి దగ్గు. ఒకరిది ఆగితే ఇంకొకరిది మొదలు. గొళ్ళెమక్క రైలింగు పట్టుకుని మెట్ల మధ్యలో ఆగింది, ఊపిరి అందడానికి.

పైనుంచి ఒక మిల్లు కార్మికురాలు దిగివచ్చి మోచెయ్యి పట్టుకుంది. నడివయసు, చేతులనిండా దారం కోసిన గీతలు.

"మీకూ దగ్గేనా అమ్మా? కొత్తగా చేరారా?"

"నాది దగ్గు కాదులే, మెట్ల గొడవ. ఆసుపత్రి నుంచి వచ్చాను. పొద్దున్న చీటీల కోసం ప్రయత్నించింది మీరేనా?"

"ఇంకెవరు! షిఫ్టుకి పోకముందు అందరం ఒక్కసారే కూర్చుంటాం. ఇల్లంతటికీ ఒకే వైఫై. ఇవాళ అందరికీ ఒకటే మాట వచ్చింది తెర మీద, మీకు అనుమతి లేదు అని." ఆమె నవ్వబోయి దగ్గింది. "మిల్లులోకి మాత్రం అనుమతి ఉందమ్మా. దానికి ఎప్పుడూ లేదనరు."

గొళ్ళెమక్క చెయ్యి తీసింది. రైలింగు మీది దూదిపొరలో తన అయిదు వేళ్ళ గుర్తు చూస్తూ నిలబడింది.

"రేపు పొద్దున్నైనా తెరుచుకుంటుందా? మా గదిలో చిన్నదానికి రక్తం పడుతోంది."

"తెరిపించే ప్రయత్నం చేస్తాను."

"ప్రయత్నం అన్నవాళ్ళని చాలామందిని చూశాం."

"నన్ను ఇప్పుడేగా చూశావు," అంది గొళ్ళెమక్క.

తిరిగొచ్చేసరికి ఆ గడువు తీరి నియమం ఊడిపోయింది. మేనేజరు పైవాళ్ళ మీటింగుకి బయల్దేరుతున్నాడు. ఆమె చూసిందంతా నిలబడే చెప్పింది. ఆయన విన్నాడు. నుదురు రుద్దుకున్నాడు.

"నిజమే కావచ్చు మేడమ్. కానీ అంతమంది ఒక్క నంబరు నుంచి వస్తే పైవాళ్ళు నమ్ముతారా? నా ఉద్యోగం ఊడితే మీరు చూస్తారా నా పిల్లల్ని? మీటింగులో మూసేశామనే చెప్పాలి. నా ఎదురుగా మళ్ళీ మూసెయ్యండి."

"అలాగే. కానీ నా పద్ధతిలోనే మూస్తాను. గంట మోగేసరికి మీరు వచ్చి ఉంచమని మళ్ళీ చెప్పండి. నా మొహం చూసి చెప్పండి. చెబితే శాశ్వతంగా ఉంచేస్తాను, ఇంకో మాట మాట్లాడను."

"మీరూ, మీ పిచ్చి గంటా!" అన్నాడు గానీ కాదనలేదు. "సరే, వస్తాను."

ఆమె మూసింది. ఊడిపోయే మాట పక్కనే రాసింది. ఆయన తెర చూసుకుని వెళ్ళిపోయాడు. ఆమె టమాటా మెడ చివరిదాకా తిప్పి, కీబోర్డు పక్కన పెట్టి, సంచిలోంచి డబ్బా తీసింది. మూత తెరిచి ఒక గుడ్డు ఒలిచింది. పెంకులు కాగితంలో పొట్లం కట్టింది. సగం తిని పక్కన పెట్టింది.

"అక్కా, మొహం అలా ఉందేం?" అన్నాడు హెడ్‌ఫోన్లాయన.

"బస్సులో నిలబడ్డాను లేరా. కాసేపు కళ్ళు మూసుకుంటాను. మోగితే లేస్తాను."

అతను మళ్ళీ చెవులు మూసుకున్నాడు. గంట కిరకిరమంటూ తిరిగింది.

మోగినప్పుడు అతనికి హెడ్‌ఫోన్లలోంచి కూడా వినిపించింది. "అక్కా, మోగుతోంది," అన్నాడు తల తిప్పకుండానే. అది మోగుతూనే ఉంది. అరచెయ్యి దాని మీదికి రాలేదు. స్ప్రింగు మొత్తం విప్పుకుని, గొంతు తగ్గి, ఆఖరికి దానంతటదే ఆగింది. అప్పుడు అతను తిరిగి చూశాడు. ఆమె చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. కళ్ళద్దాలు మడిచి బల్ల మీద పెట్టి ఉన్నాయి. తెర మీద ఆ నియమం ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు.

కింద అంతస్తు నుంచి డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు ఆమెకి చీటీ అక్కర్లేకపోయింది. డాక్టర్లు వచ్చినా చేయగలిగిందేమీ లేదు. మేనేజరు ఆలస్యంగా, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఉంచమని చెప్పడానికే వచ్చాడు. చూసి చెప్పడానికి ఆ మొహం లేదు.

మర్నాడు పొద్దున్న చీటీలు తెరుచుకోగానే అదే అంకె, అదే తోపులాట. హెడ్‌ఫోన్లాయన గొళ్ళెమక్క కుర్చీలో కూర్చోలేక నిలబడే చూస్తున్నాడు. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి.

"మళ్ళీ ముయ్యమంటారా సార్?"

మేనేజరు తెర వంక చూశాడు. ఎవరో పుట్టిన తేదీ తప్పు కొట్టి, వెనక్కెళ్ళి, మళ్ళీ కొడుతున్నారు. ఈసారి సరిగ్గా పడింది. చీటీ వెళ్ళింది. దాని వెనకే ఇంకొకటి.

"మిల్లు హాస్టలుకి ఏ బస్సు వెళ్తుందయ్యా?" అన్నాడు చివరికి.

కోడలి సంచి తీసుకుపోవడానికి అత్తగారు ఒక రోజు వచ్చింది, చేతికర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆసుపత్రి వాళ్ళని తిట్టుకుంటూ. కళ్ళద్దాలు, డబ్బా, శాలువా సంచిలో సర్దారు. హెడ్‌ఫోన్లాయన గంట తీసి దాని మీద పెట్టబోయాడు.

"అది ఉండనీ నాయనా," అంది ముసలావిడ.

"మీ వంటింటిదట కదమ్మా? అక్క చెప్పేది, మీరు రోజూ తిడతారని."

"తిట్టకపోతే నా కోడలికి తోచదని తిట్టాను. ఉడికిందీ లేందీ నాకు వాసనకే తెలుస్తుంది. పోట్లాడ్డానికి మాత్రం ఇంట్లో ఎవరున్నారు?" గంట మీద ఒకసారి వేలితో తట్టింది. "మీరు వాడుకోండి."

సంచి భుజానికి తగిలించుకుని ఆమె వెళ్ళిపోయింది. గంట కీబోర్డు పక్కనే ఉంది, మెడ దగ్గర ఎర్రరంగంతా రాలిపోయి, రోజూ ఒకే బొటనవేలు పడినచోట రేకు నున్నగా మెరుస్తూ.