బాగున్నప్పటి చప్పుడు

నల్లపెట్టె కంపెనీదే తీసుకుని ఉండవలసిందేమో, దానికీ దీనికీ తేడా ఏముందిలే అనుకున్నాను నిన్న, ఇవాళ తేడా తప్ప ఇంకేమీ కనిపించడం లేదు, ఇది బాగుందా అండీ, ఇదా, అని నా నోరు దాని మానాన అది అడుగుతూనే ఉంది, కుర్చీలో కూర్చున్న పెద్దాయన ముక్కు మీద బరువైన పరీక్ష కళ్ళజోడు, ఎదురుగోడ మీద వెలుగుతున్న అక్షరాలు, నా వేళ్ళ మధ్య చిన్న గుండ్రటి అద్దం, ఇటు తిప్పితే ఒకటి, అటు తిప్పితే రెండు, మళ్ళీ మొదటిది చూపించమ్మా అంటున్నాడాయన, చూపించాను, రెండోదే నయం, కాదు, ఆగు, మొదటిదే, తొందరేమీ లేదు బాబాయిగారూ అంటున్నాను, కళ్ళజోళ్ళ దుకాణం వెనక ఈ చీకటిగదిలో కూర్చుని మనుషుల చేత ఒకటా రెండా అని తేల్పించడమే నా ఉద్యోగం, ఒక్కసారికి ఎవరూ తేల్చరు, తప్పు చెబితే జన్మంతా మసకలో బతకాలేమోనని వాళ్ళ భయం, వాళ్ళని చూసి లోలోపల నవ్వుకునేదాన్ని, ఇవాళ మాత్రం ఆ కుర్చీలో నేనే కూర్చున్నట్టుంది, ఎదురుగోడ మీద అక్షరాలకి బదులు రెండు హార్డ్ డిస్కులు, నీలం పెట్టె కంపెనీది ఒకటి, నల్లపెట్టె కంపెనీది ఒకటి, నిన్న సాయంత్రం దుకాణంలో నీలందాని మీద వేలు పెట్టి ఇది ఇవ్వండి అన్నది నేనే.

నువ్వే ఎంచు అన్నాడు మా ఆయన, మా ఆయన, ఈ మాట మనసులో అనుకున్నా పెదవులు వాటంతటవే సాగుతాయి, పెళ్ళయి ఇంకా కొత్త కర్టెన్ల మడతలు కూడా పోలేదు, స్నానాలగదిలో రెండు బ్రష్షులు ఒకే గ్లాసులో తలలు ఆనించుకుని ఉంటే పొద్దున్నే కాసేపు నిలబడి చూస్తాను, అత్తయ్య దగ్గరున్నప్పుడు ఆయన్ని మీరు అంటాను, అటు తిరగ్గానే నువ్వు అంటాను, మొన్న తొందరలో ఆవిడ ముందే ఒరే అనబోయి దగ్గుగా మార్చేశాను, ఆ దగ్గుకి అత్తయ్య నా చేత రెండు గ్లాసుల వేణ్ణీళ్ళు తాగించింది, ఆయన గోడవైపు తిరిగి భుజాలు కుదుపుకుంటూ నవ్వాడు, అలాంటి మనిషి లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు, తను తనిఖీకి వెళ్ళిన ప్రతి లిఫ్టు మోటారు చప్పుడూ రికార్డు చేసి దాచుకున్నాడు, తొమ్మిదేళ్ళ చప్పుళ్ళు, ఖాళీ దొరికితే లోకమంతా పాటలు వింటుంది, ఈయన ఆస్పత్రి లిఫ్టు పైకి వెళ్ళడం వింటాడు, ఒక రోజు ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి నా చెవిలో పెట్టాడు, ఇదిగో ఇక్కడ విను, బేరింగు అరిగింది, చిన్న గరగర, విన్నావా, విన్నాను అన్నాను, ఏమీ వినలేదు, ఆయన భుజం వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది, తరువాత ఇంకొకటి వినిపించాడు, ఇది వినే ఆ లిఫ్టు ఆపించాను, విప్పి చూస్తే లోపల పళ్ళచక్రం చీలి ఉంది, రోజూ బడిపిల్లలు ఎక్కే లిఫ్టు అది అన్నాడు, ఆ రోజు నుంచి ఆ చప్పుళ్ళని చూసి నవ్వడం మానేశాను.

అవన్నీ ఇప్పుడు ఇంట్లో ఆయన బల్ల మీద పాత డిస్కు లోంచి కొత్త నీలం డిస్కులోకి వెళ్తున్నాయి, పాతది ఆఫీసుది, వచ్చేవారం నుంచి ఆయనకి వేరేచోట ఉద్యోగం, కొత్తగా చేరేవాళ్ళకి లిఫ్టుల మరమ్మతు నేర్పాలి, పాఠమంతా ఈ చప్పుళ్ళతోనే, రికార్డులు నీవి, తీసుకుపో, డిస్కు మాత్రం మాది, ఇచ్చేసి వెళ్ళు అన్నారట పాత ఆఫీసువాళ్ళు, ఇవాళ సాయంత్రం ఇచ్చేస్తే తుడిచేసి ఇంకొకరికి వాడుకుంటారట, అంటే చీకటి పడేసరికి తొమ్మిదేళ్ళూ ఒక్కచోటే ఉంటాయి, నేను వేలు పెట్టిన చోట, నీకు చదివే ఓపిక ఉంది, నువ్వు ఏది అంటే అదే అన్నాడు, ఆయన నాకు వదిలేసిన మొదటి పెద్ద పని, ఆ గర్వంతో ఆదివారమంతా మంచం మీద బోర్లా పడుకుని కొన్నవాళ్ళ అభిప్రాయాలు చదివాను, ఒకడు నల్లదాన్ని తిడతాడు, వాడి కిందే ఇంకొకడు నీలందాన్ని తిడతాడు, నా పెళ్ళి ఫొటోలు మింగేసింది అని ఒకావిడ, పన్నెండేళ్ళ నుంచి వాడుతున్నా రాయిలా ఉంది అని ఇంకొకాయన, చివరికి రెండూ ఒకటే అనిపించి, దుకాణంలో నీలంది చేతికి కాస్త చల్లగా, నున్నగా తగిలితే దాన్ని అడిగాను, కారణం అంతే, ఆయన అడిగితే మాత్రం బాగా ఆలోచించాను అని చెప్పాను, అబద్ధమూ కాదు, ఆలోచించాను, ఆలోచన అయిపోయాక చెయ్యి వేరే చోటికి వెళ్ళింది.

మధ్యాహ్నం దాకా ఏ బాధా లేదు, భోజనాలప్పుడు బిల్లులు కొట్టే అక్క నా ముఖం చూసి ఏంటి కొత్త పెళ్ళికూతురా, గిన్నెలోకి చూసి నవ్వుకుంటున్నావు, లోపల ఆయనున్నాడా అంది, లేదక్కా, డిస్కు కొన్నాం అన్నాను, జనం నగలు కొనుక్కుంటారు, మీరు డిస్కు కొనుక్కున్నారా, బాగుంది జంట అని నవ్వి, ఏ కంపెనీదో అడిగి, నీలంపెట్టె అనగానే నములుతున్నదల్లా ఆగింది, అయ్యో, మా మరిదిదీ అదే, మూడు నెలలకే పోయింది, ఒక్క ఫైలూ రాలేదు, షాపువాడు కొత్తది ఇస్తామన్నాడట, కొత్తది ఎవడిక్కావాలి, లోపలివి ఎవడిస్తాడు అంది, నీదలా కాదులే, అన్నీ అలా ఉండవులే అని నా భుజం తట్టి చేయి కడుక్కోవడానికి వెళ్ళింది, అంతే, ఆ తట్టడంతో మొదలైంది, తలుపు సందులోంచి గాలి వస్తున్నట్టు ఆ మాట సన్నగా వస్తూనే ఉంది, లోపలివి ఎవడిస్తాడు, లోపలివి ఎవడిస్తాడు, విచిత్రం ఏమిటంటే నాకు పెద్ద దిగులుగా కూడా లేదు, ఎవరో పక్కింటామె దిగులుపడుతుంటే కిటికీలోంచి చూస్తున్నట్టుంది, పాపం ఈవిడ, కొత్త కాపురం, చూడు ఎలా ఒక డబ్బా గురించి కొట్టుకుంటోందో అనిపిస్తోంది, ఆ కొట్టుకుంటున్నావిడ చేతులే నా చేతులు, అద్దం తిప్పుతున్నాయి, ఒకటి, రెండు.

ఈయనతో ఎప్పుడూ ఇంతేనమ్మా అంటోంది మూల కుర్చీలోంచి పెద్దాయన భార్య, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపటి నుంచి కూర్చుని ఉంది, చొక్కా కొనడానికి నాలుగు దుకాణాలు తిప్పుతారు, కొన్నాక ఇంటికొచ్చి మొదటి దుకాణంలోదే బాగుందంటారు, పెళ్ళికి మాత్రం ఒక్క చూపుకే సరేనన్నారు, అప్పటికింకా కళ్ళు బాగున్నాయిలేవే అన్నాడు పెద్దాయన పరీక్ష కళ్ళజోడు లోంచి గోడనే చూస్తూ, ఆవిడ సంచీతో ఆయన మోకాలి మీద ఒక్కటి వేసింది, నేను పగలబడి నవ్వాను, అద్దం చేతిలోంచి జారబోయింది, ఏమిటీ, ఇప్పుడు రెండూ ఒకలాగే ఉన్నాయి అన్నాడాయన నేనేదో తప్పుపడతానేమోనన్నట్టు, ఒకలాగే ఉంటే పని అయిపోయినట్టేనండీ, మీ నంబరు దొరికింది అని రోజూ చెప్పే మాటే చెప్పి కాగితం మీద రాసిచ్చాను, వాళ్ళు లేచారు, గుమ్మం దగ్గర మెట్టు ఉందండీ అని ఆవిడ, కనిపిస్తోందిలే అని ఆయన, వెళ్ళారు, నేను దీపాలు వేశాను, గదిలో చీకటి పోయింది, ఎదుటివాళ్ళకి చెప్పినంత తేలిగ్గా నాకు నేను చెప్పుకోలేకపోయాను, కళ్ళజోడు నచ్చకపోతే మళ్ళీ రావచ్చు, అద్దం మార్చిస్తాం, సాయంత్రం ఆ పాత డిస్కు తుడిచేశాక ఎవరి దగ్గరికి వెళ్ళి మార్చమనను.

ఫోను చేస్తే చెప్పాలి, ఇచ్చెయ్యకు, నేను ఎంచినదాని మీద నాకే నమ్మకం లేదు అని, చెబితే ఇంకెప్పుడూ నువ్వే ఎంచు అనడేమో, అనకపోయినా పరవాలేదు, అన్నా ఆ మాట అనే ముందు ఒక్క క్షణం ఆగుతాడేమో, ఆ ఒక్క క్షణం నాకు కనిపిస్తుంది, చెప్పకపోతే, మూడు నెలలకో మూడేళ్ళకో ఒక పొద్దున బల్ల ముందు కూర్చుని ఆయన ఏమీ అనడు, నన్ను ఒక్క మాటా అనడు, అదీ కనిపిస్తోంది, రెంటిలో ఏది నయం, మళ్ళీ మొదటిది చూపించమ్మా, ఛీ, లేచి ఫోను తీశాను, బయట ఎవరో ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నారు, ఫోను మోగుతోంది, ఎత్తాడు, హలో అన్నాను, ఏమైంది అన్నాడు వెంటనే, ఏమీ కాలేదు, ఊరికే చేశాను, కాపీ అయిందా, అయింది, అన్నీ తెరుచుకుంటున్నాయి కూడా, నువ్వు సంగతి చెప్పు, ఏమీ లేదన్నానా, సరే లేదు, అయితే చెప్పు అన్నాడు, ఇక దాచి లాభం లేదని అక్క మాట, మరిది డిస్కు, నీలం, నల్ల, చేతికి చల్లగా తగలడం కూడా, మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను, అవతల నవ్వు, చల్లగా ఉందని కొన్నావా అన్నాడు, నవ్వకు, నవ్వడం లేదు డాక్టరమ్మా, నేనైతే డబ్బా మీద బొమ్మ చూసి కొనేవాణ్ణి, నల్లదైతే మాత్రం పోదా, రెండూ తిరిగే మిషన్లే, అందుకే నిన్న పెట్టగానే నీలందాని చప్పుడు రికార్డు చేశాను, నువ్వు స్నానానికి వెళ్ళావులే అప్పుడు, కొత్తలో, బాగున్నప్పుడే తీసి పెట్టుకోవాలి, తరువాత తేడా వస్తే దీంతో పోల్చి చూసుకోవచ్చు, ఆ రికార్డు ఎక్కడ పెట్టావు అన్నాను, ఎక్కడేంటి, అన్నిటితోపాటు దాంట్లోనే అని ఆగాడు, నేనూ ఆగాను, తరువాత ఇద్దరం ఒకేసారి నవ్వాం, కౌంటరు దగ్గర అక్క ఇటు తిరిగి చూసింది, అది పోతే దాని చప్పుడూ దాంతోనే పోతుంది కదా ఇంజనీరుగారూ అన్నాను, నా తెలివి ఇంతే, నువ్వు చేసుకున్నావు, నువ్వే భరించాలి అన్నాడు, పాతది ఇచ్చేశావా, లేదు, సంచీలో పెట్టాను, చెప్పులు వేసుకుంటున్నాను, ఇవాళ ఇవ్వకు అన్నాను, వచ్చేటప్పుడు నల్లపెట్టెదీ ఒకటి తెస్తాను, రెండింట్లోనూ పెడదాం, అయ్యాక ఇద్దువుగాని, రెండు రోజులు గడువు అడుగు, సరే అన్నాడు, అడుగుతాను, ఏమనుకోరు.

ఇంతకీ నాకేదో అయిందని నీకెలా తెలిసింది అన్నాను పెట్టేసేముందు, హలోలోనే తెలిసింది, రోజూ నీ హలో పైదాకా వెళ్తుంది, ఇవాళ రెండో అంతస్తులో ఆగిపోయింది అన్నాడు, పెట్టేశాడు, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, నేను కర్టెన్లూ బ్రష్షులూ చూసి మురిసిపోతున్న రోజుల్లో ఈ మనిషి ఇది చేస్తున్నాడన్నమాట, నాకు తెలియకుండా, నేను బాగున్నప్పుడు ఎలా పలుకుతానో వినిపెట్టుకున్నాడు, రేపు ఎప్పుడైనా నాకేదో విరిగితే నేను చెప్పక్కర్లేదు, గమ్మత్తుగా ఉంది, కాస్త భయంగానూ ఉంది, బేరింగు గరగర వినలేక విన్నానని చెప్పిన చెవులు నావి, నేనేం వింటాను అనుకుంటూ ఆ ఫోను మాటలు మళ్ళీ మొదటి నుంచి తలుచుకున్నాను, అందులో గడువు అడుగు అంటే అన్న ఆ సరే దగ్గరికి వచ్చేసరికి మనసు నిలిచిపోయింది, ఆయన సరే ఎప్పుడూ తాపీగా వస్తుంది, వంటగది సర్దుదామన్నా సరే, సినిమాకి వెళ్దామన్నా సరే, రెండో అక్షరం సాగదీసి, ఆవులింతలా, ఇవాళ్టి సరే ఠక్కున పడింది, నా మాట ఇంకా పూర్తికాకముందే, ఎప్పటి నుంచో గుమ్మం దగ్గర నిలబడి ఎవరైనా పిలిస్తే బాగుండునని చూస్తున్న మనిషి పలికినట్టు, పొద్దున్నే మొదలుపెట్టిన కాపీ మధ్యాహ్నానికే అయిపోయి ఉంటుంది, అన్నీ తెరిచి కూడా చూసుకున్నాడు, సంచీ సర్దుకున్నాడు, అయినా ఇంకా చెప్పులు వేసుకుంటూనే ఉన్నాడు, నేను ఎంచినదాని మీద అనుమానమని అనలేక, పాతది ఇవ్వలేక, ఆ ఒక్కచోటు చాలదని ఆయనకీ భయమే, నాకన్నా ఎక్కువ భయం, ఒక్క ముక్క కూడా చెప్పలేదు, అయినా నాకు వినిపించింది.