పేరు లేని మాత్ర

అప్పలనర్సమ్మ మళ్ళీ నల్లటి నెత్తురు కక్కింది. బోగీలు కడిగే చీపుర్లు పట్టాల మధ్యే వదిలేసి తోటి ఆడవాళ్ళు ఆమెను ఆటోలో ఆసుపత్రికి తెచ్చారు. ఏం మందులు మింగిందని నర్సు పదే పదే అడుగుతోంది. ఆమెతో కలిసి పనిచేసే సూసన్న పక్కనే నిలబడి తన కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది.

ఆ ముడిలో ఒక తెల్ల డబ్బా ఉంది. దాని మీద మందు పేరు లేదు, నంబరు మాత్రం ఉంది. కీళ్ళ వాపుకు ఏదో కంపెనీ తయారుచేస్తున్న కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షలకు మనుషుల్ని కుదిర్చే మోహనకృష్ణ సూసన్నను అందులో చేర్చి ఇచ్చిన డబ్బా అది. చేర్చే ముందు ఆమె కడుపులో పుండేమైనా ఉందేమోనని పరీక్ష చేశారు. అప్పలనర్సమ్మ కడుపు సంగతి అడిగినవాడు లేడు.

అడగకపోతేనేం, నొప్పి ఇద్దరిదీ ఒకటే. పొద్దస్తమానం తడిలో గొంతుక్కూర్చుని చేసే పని. ఒకరి క్యారేజీ ఇద్దరు తింటారు, ఒక టీ రెండు గ్లాసుల్లో పోసుకుంటారు. మందొక్కటీ ఒంటరిగా ఎలా మింగడం? మొదట సూసన్న మాత్ర కొరికి సగం ఇచ్చింది. "నొప్పి ఎగిరిపోనాదే పిల్లా!" అని అప్పలనర్సమ్మ మురిసిపోతే, పిచ్చి సూసన్న పొంగిపోయి మాత్రకు మాత్రే ఇవ్వసాగింది.

కబురు తెలిసి మోహనకృష్ణ పరుగున వచ్చాడు. సూసన్నను వరండాలోకి లాక్కెళ్ళాడు.

"డబ్బా ఇలా ఇచ్చెయ్. అవి ఉత్త పిండి మాత్రలేమో కూడా. తేడా చూడ్డానికి కొందరికి అవే ఇస్తారు. ఎవరికి మందిచ్చారో, ఎవరికి పిండిచ్చారో నాకే తెలీదు."

"తెలిసినోడు ఎవుడో ఉంటాడు గదా బాబూ?"

"ఉంటాడు, కంపెనీలో. ఇది బయటపడితే నిన్ను తీసేస్తారు. మళ్ళీ గోడ పట్టుకుని నడుస్తావు."

సూసన్న తన మోకాళ్ళ కేసి చూసుకుంది. ఎన్నాళ్ళకు తిన్నగా నిలబడింది! ఆ నొప్పి తిరిగొస్తుందన్న భయంలో ఒక్క క్షణం లోపలున్న మనిషినే మరిచిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మోహనకృష్ణ చెయ్యి చాపాడు.

"ఇవ్వను" అంది.

వార్డులోకి వెళ్ళి డబ్బా డాక్టరు చేతిలో పెట్టింది. "డాట్రు బాబూ, మైనే దియా. నానే ఇచ్చినాను."

బెంగాలీ డాక్టరు డబ్బాను అటూ ఇటూ తిప్పి మందు పేరేమిటని అడిగాడు. "దవా కా నామ్ క్యా హై?"

"నామ్ నహీ హై, బాబూ. పేరే నేదు." గుమ్మంలో ఆగిపోయిన మోహనకృష్ణ వైపు తిరిగింది. "ఆ తెలిసినోడికి ఫోన్ సెయ్యి."

అతను ఫోను చేతిలో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. మంచం మీద అప్పలనర్సమ్మ బేసిన్ కోసం మళ్ళీ తడుముకుంటోంది.