కుడికాలి బూటు

తూటా మళ్ళీ జారింది.

బంతి గోలు నోట్లోనే ఉంది. అవతలి గోల్‌కీపరు ముందే బోర్లా పడిపోయింది. వల ఖాళీ. పాలు తాగే పిల్ల తోసినా బంతి లోపలికి పోయేదే. తూటా ఎడమకాలు వెనక్కి లేపింది. నేల మీద ఆనించిన కుడికాలు వెన్నముద్ద మీద పెట్టినట్టు సర్రున పోయింది. మనిషి వెల్లకిలా పడింది, బంతి ఎటో పోయింది. స్టేడియం మొత్తం నవ్వింది.

తిడితే భరించొచ్చు. తిట్టిన నోళ్ళతోనే జేజేలు కొట్టించుకోవడం తూటాకి కొత్త కాదు. కానీ ఫైనల్లో నవ్వులపాలైన ఫార్వర్డుకి మర్యాద మిగలదు. పైగా మొదటి సగంలోనే ఇది మూడోసారి.

రిఫరీ విజిల్ ఊదింది. సగం ఆట ముగిసింది. రెండు జట్లూ సున్నా.

వానలో తడుస్తూ లోపలికి నడుస్తున్న తూటా తలెత్తి చూసింది. పై వరసలో, కప్పు కింద, ఛైర్మన్ ఆవలిస్తున్నాడు. నోరు అంత పెద్దది పెట్టుకుని ఆవలించే మనిషికి సిగ్గు ఉండాల్సిన పని లేదు. ఈ టోర్నీ మొదలైనప్పుడు జట్టు భోజనం చేస్తుంటే వచ్చి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఒక మాట అన్నాడు. "ముప్పై దాటినవాళ్ళు ఇద్దరు దండగమ్మా. వచ్చే సీజన్‌కి ఒకరినే ఉంచుదాం. ఎవరన్నది ఫైనల్ చూసి చెప్తా."

ఆ ఇద్దరిలో ఒకరు తూటా. రెండోది గోల్‌కీపరు. జట్టులో అందరికన్నా పెద్దది కాబట్టి పిల్లలంతా ఆమెని పిన్ని అంటారు. వాళ్ళని చూసి తూటా కూడా అంటుంది, తనకన్నా పట్టుమని రెండు నెలలు పెద్ద కాకపోయినా. ఆ రోజు ఛైర్మన్ వెళ్ళాక ఇద్దరూ గదిలో పడి నవ్వుకున్నారు. "పళ్ళు కుట్టుకునేవాడు మన జాతకం రాస్తాడట" అంది పిన్ని. తూటాకి మాత్రం లోపల నవ్వు రాలేదు. ఈ క్లబ్బు వదిలేసిన ముప్పై దాటిన ఫార్వర్డుని ఇంకో క్లబ్బు గుమ్మం కూడా తొక్కనివ్వదు.

డ్రెస్సింగ్ రూములో తడిసిన సాక్సుల కంపు, నొప్పుల మందు ఘాటు కలిసి కొట్టాయి. తూటా తన కొక్కెం కింద బల్ల మీద కూలబడింది. పక్కనే కూర్చున్న పిన్ని చేతి తొడుగులు విప్పుకుంటూ, పెదాలు కదపకుండా అడిగింది. "వేలెలా ఉంది?"

"ఉంది" అంది తూటా.

కోచ్ లోపలికి వచ్చింది. ఈ మహాతల్లి మెడలో విజిల్ స్నానానికి వెళ్ళినా దిగదు. ఆడే రోజుల్లో ఆమె కొట్టింది ఒకే ఒక్క గోలు. దాని కథ మాత్రం జట్టులో చేరిన ప్రతి పిల్లకీ కంఠతా వచ్చేదాకా వినిపిస్తుంది.

"ఏం తల్లీ, సర్కస్‌లో చేరావా?" అంది కోచ్. "అయినా పొద్దస్తమానం ఆ ఎడమకాలితో కొట్టుడేంటి? నీ కుడికాలు ఎవరికైనా అద్దెకిచ్చావా?"

"అవతలి వాళ్ళు కుడికాలు కాస్తున్నారు మేడమ్. అందుకని ఎడమకాలు."

"వాళ్ళు కాయడం సరే, నువ్వు పడ్డం ఎందుకు?"

"బూటు నేల పట్టడం లేదు."

"ఆడలేక మద్దెల ఓడు." కోచ్ చెయ్యి ఊపింది. "చాలు. చిలకా, నువ్వు లేచి ఒళ్ళు వేడి చేసుకో. తూటా బదులు నువ్వు దిగుతున్నావ్."

చిలక లేచింది. ఛైర్మన్ గారి అమ్మాయి. ఇరవై నిండని పిల్ల. కాళ్ళలో వేగం ఉంది కానీ మైదానంలో ఎటు పరిగెత్తాలో బెంచీ మీంచి ఎవరో ఒకరు కేకేసి చెప్పాలి. జుట్టు ముడి సర్దుకుంటూ తూటా వైపు చూసి, "ఏమీ అనుకోకు తూటక్కా" అంది. అనుకోవద్దన్నవాళ్ళ మొహంలో ఉండాల్సిన బాధ ఆ మొహంలో వెతికినా లేదు.

ఇప్పుడు బయటికి వెళ్ళడమంటే ఆట ఆగిపోవడమే. ఇవాళ్టికి కాదు, ఎప్పటికీ. తూటా వంగి కుడి బూటు విప్పి తిరగేసింది.

ఫుట్‌బాల్ బూటు అడుగున స్టడ్లు ఉంటాయి. మరల్లా తిప్పి బిగించే చిన్న మేకులు. పొడి నేలకి పొట్టివి, తడి నేలకి పొడుగువి. పొద్దున ఆకాశం చూసి తూటా తన చేత్తోనే రెండు బూట్లకీ పొడుగువి బిగించుకుంది. ఇప్పుడు కుడి బూటు మడమ కింద ఉన్నవి పొట్టివి. ఎడమ బూటు చూసింది. అన్నీ పొడుగువే.

"మేడమ్. ఇటు రండి" అంది.

కోచ్ వచ్చి చూసింది. బూటు పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. మొహంలో వెటకారం కాస్త తగ్గింది. "నువ్వే పొరపాటున బిగించుకున్నావేమో."

"అన్నం తినేటప్పుడు ముద్ద చెవిలో పెట్టుకుంటానా?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"మరి వేసుకున్నప్పుడు తెలియలేదా?"

తెలియకపోవడానికి కారణం గదిలో అందరికీ తెలుసు. తూటాకి ఒక పిచ్చి ఉంది. ఆటకి ముందు ఒళ్ళు వేడి చేసుకోవడానికి పాత బూట్లతో దిగుతుంది. అసలు బూట్లు ఆట మొదలయ్యే ముందు, జట్టు బయటికి నడిచే క్షణంలోనే తొడుగుతుంది. అవి మైదానంలో గడ్డి తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదట. గెలిచినప్పుడు జనం దీన్ని నమ్మకం అంటారు, ఓడితే మూర్ఖత్వం అంటారు. ఇవాళ అది రెండోదే. అందరూ బయట పరిగెడుతుండగా, ఆ బూట్లు ఈ కొక్కెం కింద ఒంటరిగా ఉన్నాయి.

అప్పుడే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మేనేజరు. ఛైర్మన్ గారి బావమరిది, చిలకకి స్వయానా మేనమామ. నిన్నమొన్నటిదాకా మంచాల కొట్టు చూసుకున్నాడు. కొట్టు మూతపడింది కాబట్టి ఫుట్‌బాల్ జట్టు అప్పగించారు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఎవరైనా అడిగితే, "అది రిఫరీ చూసుకుంటుంది లెండి" అంటాడు.

"చిలకని దింపుతున్నారా? బావగారు అడగమన్నారు" అన్నాడు.

"మేం బయట ఉన్నప్పుడు ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారు?" అని అడిగింది తూటా.

"నేనేం ముట్టుకోలేదే" అన్నాడు మేనేజరు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు. గది మొత్తం అతని వైపు తిరిగింది.

"ముట్టుకున్నారని ఎవరూ అనలేదే" అంది కోచ్.

"అంటే... పూలగుత్తి పెట్టడానికి వచ్చా. గెలిచాక ఇవ్వాలి కదా. పెట్టి వెళ్ళిపోయా."

తూటా లేచింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి తడి సాక్సు. బూటు పైకెత్తి అందరికీ చూపించింది.

"నేను మొదటినుంచీ కుడికాలితో కొట్టేదాన్ని. ఊరూవాడా తెలుసు. కుడికాలితో కొట్టేటప్పుడు ఒళ్ళు మోసేది ఎడమకాలు. అది జారితే మనిషి పడుతుంది. నన్ను పడగొట్టాలంటే, ఆట తెలిసిన ఎవరైనా ఎడమ బూటు ముట్టుకుంటారు. ఇక్కడ ముట్టుకుంది కుడి బూటు. అంటే తన్నే కాలికే స్టడ్లు కావాలనుకునే మనిషి. ఆట అక్షరం ముక్క రాని మనిషి."

మేనేజరు మొహం ఉడికిన వంకాయలా అయింది. "నా మీదికి తోస్తున్నావేంటమ్మా? మేనకోడలు ఆడాలని ఉంటే బావగారితో ఒక్క మాట చెప్తే సరిపోతుంది కదా. ఇంత కష్టం ఎందుకు?"

అతని జన్మలో చెప్పిన తెలివైన మాట అదొక్కటే కావచ్చు. కానీ తూటా ఆగలేదు. స్టడ్లు బిగించే కీ తీసి, బూటుతో పాటు అతని చేతిలో పెట్టింది.

"ఇందులో ఒక్కటి విప్పండి."

మేనేజరు కీని తలకిందులుగా పట్టుకున్నాడు. తరవాత వేళ్ళతో స్టడ్డు పట్టుకుని లాగాడు. పళ్ళు బిగించి మళ్ళీ లాగాడు. రాకపోతే బూటుని బల్లకేసి టపటపా కొట్టాడు, చింతకాయ రాలుతుందేమో అన్నట్టు.

"నటిస్తున్నాడేమో" అంది ఎవరో వెనకనుంచి.

"మావయ్యకి నటన రాదు" అంది చిలక. మొదటిసారి ఆ పిల్ల మొహంలో సిగ్గు కనిపించింది. "ఇంట్లో సీసా మూత కూడా మా అమ్మే తీసిస్తుంది. ఇలా ఇవ్వు మావయ్యా, పరువు తియ్యకు." బూటు లాక్కుని, కీ పెట్టి ఒక్క తిప్పు తిప్పి స్టడ్డు తీసి చూపించింది. "చూశావా తూటక్కా? నేనైతే విప్పగలను. కానీ నేను మీతో పాటే బయట ఉన్నా. మీరంతా చూశారు. నన్ను ఎటు పరిగెత్తమంటారోనని మేడమ్‌ని వదల్లేదు."

నిజమే. చిలక మీద తూటాకి చిన్నచూపు ఎంతైనా ఉండొచ్చు, ఆ పిల్ల మాటలో అబద్ధం మాత్రం లేదు.

"టైం అయిపోతోంది" అంది కోచ్. "దొంగని ఆట అయ్యాక వెతుక్కో. నువ్వు బయటే."

"అవునే" అంది పిన్ని మెత్తగా. "ఇప్పుడీ రచ్చ దేనికి? ఇవాళ్టికి కూర్చో. నీ ఆట ఎవరికి తెలియదు చెప్పు?"

ఆ మెత్తదనం తూటాకి ఎక్కడో గుచ్చుకుంది. పిన్ని ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి కాదు. ఒక గోలు తప్పిపోతే మైదానం ఈ చివరనుంచి ఆ చివరకి బూతులతో తరిమే మనిషి. ఇవాళ మూడు తప్పినా ఒక్క తిట్టు తిట్టలేదు.

తూటా చిలక చేతిలోని బూటు వైపు చూసింది. తను చెప్పిన లెక్కలోనే ఒక బొక్క ఉంది. ఆట తెలియనివాడు కుడి బూటు ముట్టుకుంటాడు, నిజమే. కానీ ఇంకొకరు కూడా ముట్టుకుంటారు. ఆట బాగా తెలిసి, ఇవాళ తూటా కుడికాలితో కొట్టదని కూడా తెలిసినవాళ్ళు. ఇవాళ ఒళ్ళు మోసేది కుడికాలే అని తెలిసినవాళ్ళు.

ఆ సంగతి లోకానికి తెలియదు. సెమీఫైనల్లో ఎవరో తొక్కి కుడి బొటనవేలు చితికింది. డాక్టరుకి చెప్తే ఫైనల్ ఆడనివ్వరని దాచింది. తెల్లవారుజామున ఖాళీ మైదానంలో ఎడమకాలితో కొట్టడం సాధన చేసింది. కోచ్‌కి తెలియదు, చిలకకి తెలియదు. సాధనకి గోల్లో ఒక మనిషి నిలబడాలి కదా. ఆ నిలబడ్డ మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

గోల్‌కీపర్లు ఆటకి ముందు అందరికన్నా ముందు మైదానంలోకి వెళ్తారు, అందరికన్నా ముందు గదికి తిరిగి వస్తారు. ప్రతి ఆటకీ అంతే. దాన్ని ఎవరూ పట్టించుకోరు, గోడ గడియారాన్ని పట్టించుకోనట్టే.

తూటా పక్కకి చూసింది. పిన్ని చేతి తొడుగు పట్టీ అతికించుకుంటోంది. తీసి మళ్ళీ అతికించుకుంటోంది. తలెత్తలేదు.

ఎంత బాగా లెక్క వేసింది. ఎడమ బూటు ముట్టుకుంటే తూటా తట్టుకుని నిలబడేది. కుడి బూటైతే కొట్టిన ప్రతిసారీ పడుతుంది. పిన్ని పట్టుబడ్డా తూటా నోరు విప్పడానికి లేదు. విప్పాలంటే వేలు సంగతి చెప్పాలి. వేలు సంగతి చెప్పిన మరుక్షణం డాక్టరు వస్తాడు, తూటా బయటికి పోతుంది. ఎటు చూసినా మిగిలే సీనియర్ ఒక్కరే. ఒకే గదిలో ఇన్నేళ్ళు పడుకుని, ఒకే సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని నేర్చుకున్న తెలివి ఇదీ. పళ్ళు కుట్టుకునే ఒక వెధవ విసిరిన ఎముక కోసం.

"మేడమ్" అంది. "మీకొకటి చూపించాలి."

"తూటా" అంది పిన్ని. ఈసారి మెత్తగా కాదు. "కూర్చో."

తూటా కూర్చుంది. తడిసిన సాక్సు లాగేసింది. పట్టీలు ఒక్కొక్కటే విప్పి నేల మీద పడేసింది. చివరి పట్టీతో పాటు గోరు సగం ఊడి వచ్చింది. బొటనవేలు నల్లగా, నేరేడుపండులా వాచి ఉంది. చిలక మొహం తిప్పుకుంది. మేనేజరు తలుపు చెక్క పట్టుకున్నాడు.

కోచ్ వంగి ఆ వేలు చూసింది. "ఈ కాలితో దిగావా? నాకు చెప్పకుండా? ఇక నువ్వు రెండో సగం కాదు కదా..."

"తెలుసు మేడమ్. నన్ను దించరని తెలిసే చూపిస్తున్నా. దీనివల్లే ఇవాళ ఎడమకాలితో కొట్టా. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. మన అందరికన్నా ముందు గదిలోకి వచ్చింది కూడా ఆ మనిషే."

"తూటా, ఆలోచించుకో" అంది పిన్ని. "గోల్లో ఇంకెవరున్నారు మనకి? ఆ రెండో పిల్ల బంతి వస్తే కళ్ళు మూసుకుంటుంది. కప్పు పోతుంది. నువ్వెలాగూ పోయావ్. అందరినీ ముంచుతావా?"

బయట బెల్లు మోగింది. అవతలి జట్టు బూట్లు సిమెంటు నేల మీద టకటకమంటూ మైదానం వైపు వెళ్తున్నాయి. గదిలో ఎవరూ కదల్లేదు.

"ఎవరు తూటా?" అని అడిగింది కోచ్. ఆమెకి అర్థమైపోయింది. అయినా పేరు వేరొకరి నోటినుంచే రావాలి. ఆమె ఎప్పుడూ అంతే.

తూటా ఊడిన గోరుని వేళ్ళ మధ్య నలిపి కిందపడేసింది. తలెత్తి, ఆఖరి బల్ల మీద ఉన్న పిల్లకి కూడా వినపడేలా చెప్పింది.

"పిన్ని. నా బూటు స్టడ్లు మార్చింది మన గోల్‌కీపరు పిన్ని."